క్రిస్మస్ సెలవులకు ఇంటికి: మన తండాల ప్రయాణ చరిత్ర



సంఘం ఈ-సంచిక కోసం యువతకు పనికొచ్చే చరిత్ర వ్యాసం ఒకటి రాయమని పెద్దలు అడిగారు. యుద్ధాల గురించో రాజుల గురించో రాయవచ్చు. వాటి మీద పుస్తకాలు చాలానే ఉన్నాయి. మేము మాత్రం మీరందరూ ఏడాదికి నాలుగైదు సార్లు చేసే పని చరిత్రను రాస్తున్నాం. ఆ పని పేరు సెలవులకు ఇంటికి పోవడం.

డిసెంబర్ మూడో వారం వస్తే హాస్టల్ వాతావరణమే మారిపోతుంది. ట్రంకు పెట్టెలు తెరుచుకుంటాయి, ఉతికిన బట్టలు మడతలు పడతాయి, ఔట్ పాస్ రిజిస్టర్ బయటికి వస్తుంది. "మేడమ్, మా బాపు ఎప్పుడొస్తడో ఒక్కసారి ఫోన్ చేయరా" అని పిల్లలు వరుసగా నిలబడతారు. క్రిస్మస్ జరుపుకునే ఇళ్ళ పిల్లలూ ఉంటారు, జరుపుకోని ఇళ్ళ పిల్లలూ ఉంటారు. ఇంటికి పోవాలనే తొందర మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

కొండగట్టు స్టేజి దగ్గర ఆ రోజుల్లో నిలబడి చూస్తే మన జిల్లాల పటం మొత్తం కళ్ళ ముందు కనిపిస్తుంది. ఒక దారి జగిత్యాల మీదుగా కోరుట్ల, మెట్‌పల్లి వైపు పోతుంది. ఒక దారి గంగాధర మీదుగా కరీంనగర్ పోతుంది. ఇంకొక దారి కొడిమ్యాల మీదుగా వేములవాడ, సిరిసిల్ల వైపు తిరుగుతుంది. నాచుపల్లి ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు, జగిత్యాల హాస్టళ్ళ పిల్లలు, కరీంనగర్‌లో చదివే పిల్లలు బ్యాగులతో ఇక్కడే బస్సులు మారతారు. వీరిలో వీర్నపల్లి, ఎల్లారెడ్డిపేట వైపు తండాలకు పోయేవారు కూడా ఉంటారు.

ఇది మనకు ఎంత అలవాటైపోయిందంటే, ఎప్పటి నుంచో ఇలాగే ఉందనుకుంటాం. నిజానికి మన ముత్తాతల కాలంలో సెలవులకు ఇంటికి పోవడం అనే మాటకు అర్థమే లేదు. ఎందుకో చూద్దాం.

ఇల్లే మనతో నడిచిన కాలం

"తండా అంటే ఏమిటి?" అని పిల్లలను అడిగితే "మన ఊరు" అంటారు. అది ఈనాటి అర్థం. పాత అర్థం వేరు. ఎద్దుల మీద సరుకు వేసుకుని, పిల్లాజెల్లతో కలిసి నడిచే బిడారునే తండా అనేవారు. ఆ బిడారుకు పెద్ద నాయక్. ఎద్దుల మీద సరుకు మోసే ఆ వృత్తి లదేణి. సముద్ర తీరం నుంచి ఉప్పును లోపలి ఊళ్ళకు, పండిన చోటి నుంచి ధాన్యాన్ని కరువున్న చోటికి చేరవేసిన వారు మన పూర్వీకులు. లంబాడీ అనే పేరు ఉప్పుకు సంస్కృత పదమైన 'లవణం' నుంచే వచ్చిందని ఒక వాదన కూడా ఉంది.

ఇది మనం గొప్పకు చెప్పుకునే మాట కాదు. బయటి దేశాల యాత్రికులే రాసిపెట్టారు. పీటర్ మండీ అనే ఆంగ్లేయుడు 1632లో ఉత్తర భారతంలో ప్రయాణిస్తూ 14,000 ఎద్దులున్న ఒక తండా ఎదురైందని రాశాడు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి టావెర్నియర్ అదే శతాబ్దంలో పది, పన్నెండు వేల ఎద్దుల బిడార్లను చూశానని రాశాడు. మొగలుల సైన్యాలు దక్కనుకు వచ్చినప్పుడు వాటికి తిండి గింజలు మోసింది బంజారాలే. ఆ సైన్యాల వెంటే మన వాళ్ళు చాలామంది దక్కనుకు చేరారు. తర్వాత టిప్పు సుల్తాన్ మీద యుద్ధంలో కారన్‌వాలిస్, మరాఠాలతో యుద్ధంలో వెల్లెస్లీ కూడా బంజారాల ధాన్యం మీదే ఆధారపడ్డారు.

ఒక్కసారి ఆలోచించండి. అన్ని వేల ఎద్దులతో నడిచే బిడారులో ఒక బిడ్డ పుడితే ఆ బిడ్డకు ఇల్లు ఎక్కడ? యాడి ఎక్కడుంటే అక్కడే. పొయ్యి, పాలిచ్చే ఆవు, ముసలవ్వ, కుక్క, అందరూ ఒకే దారిలో నడుస్తున్నారు. ఇంటి నుంచి దూరం కావడమనేదే లేదు. దూరం లేకపోతే తిరిగి పోవడం ఎక్కడిది?

అయినా ఆగే కాలం ఒకటి ఉండేది. వానాకాలంలో దారులు బురదైతే బరువు మోసే ఎద్దులు నడవలేవు. ఆ నెలల్లో తండా గడ్డి, నీళ్ళు దొరికే చోట దిగేది. పెళ్ళిళ్ళు, పంచాయితీలు, మొక్కులు అప్పుడే తీర్చుకునేవారు. మన తీజ్ శ్రావణంలో రావడం, సీత్లా పండుగ వానల మొదట్లో రావడం ఊరికే జరగలేదు. ప్రయాణం ఆగినప్పుడే పండుగ. ఈనాడు మనం పండుగ కోసం ప్రయాణం మొదలుపెడతాం. ఆనాడు పండుగ కోసం ప్రయాణం ఆపేవారు. మన చరిత్రలో జరిగిన పెద్ద మార్పును ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదే.

ఇల్లు ఒకచోట ఆగింది

ఈ జీవితాన్ని ఆపింది రైలు. 1853లో బొంబాయి దగ్గర మొదటి రైలు నడిచింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం రాజ్యంలో పట్టాలు పడ్డాయి. 1889 నాటికి ఆ లైను బెజవాడ చేరింది. ఇరవయ్యో శతాబ్దంలో కాజీపేట నుంచి బల్లార్షా దాకా, మన పెద్దపల్లి మీదుగా, ఇంకో లైను పడింది. వెయ్యి ఎద్దులు నెల రోజులు మోసే ఉప్పును గూడ్సు బండి రెండు రోజుల్లో దించేస్తుంటే ఎద్దును ఎవరు పిలుస్తారు?

వృత్తి పోయింది. దానికి తోడు బ్రిటిష్ వారు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. ఇల్లు లేకుండా తిరిగేవారిని పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టిన చట్టం అది. దేశవ్యాప్తంగా ఆ చట్టం రద్దయింది 1952లో. అప్పటిదాకా సంచార జాతులకు నడవడమే నేరమైంది. అలా కొంత పొట్ట కోసం, కొంత భయం కోసం మన తాతలు అడవి అంచుల్లో, గుట్టల పక్కన, ఊళ్ళకు దూరంగా దిగిపోయారు. పశువులు పెంచారు, పోడు కొట్టారు, దొరల పొలాల్లో కూలికి పోయారు. తండా అనే మాట బిడారును వదిలి ఊరికి అంటుకుంది.

అలా దిగిన తండాలకు గుర్తింపు రావడానికి చాలా కాలం పట్టింది. ఆంధ్ర ప్రాంతంలో లంబాడీలు ముందే షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నారు. తెలంగాణలోని మన వారిని 1976 సవరణ చట్టం ఆ జాబితాలో చేర్చింది. 1977 నుంచి అది అమలైంది. ఇంకో నలభై ఏళ్ళకు, 2018 పంచాయతీరాజ్ చట్టంతో, రాష్ట్రంలో 1,177 తండాలు, గూడేలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. బస్సు బోర్డు మీద తండా పేరు కనిపించినా, ఆధార్ కార్డులో ఊరి పేరు దగ్గర తండా అని ఉన్నా, దాని వెనుక ఇంత దూరం నడిచిన చరిత్ర ఉంది.

పిల్లలు ఇల్లు దాటారు

ఇల్లు ఒకచోట ఆగింది. అది ఆగింది బడికి దూరంగా. అందుకే ఈసారి ఇల్లు దాటింది పిల్లలు.

మన ప్రాంతంలో గిరిజన విద్య గురించి మాట్లాడేటప్పుడు మర్లవాయి పేరు చెప్పకుండా ఉండలేం. కుమ్రం భీం 1940లో జోడేఘాట్ దగ్గర నేలకొరిగిన తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల కష్టాలు తెలుసుకునేందుకు హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన సలహాతో 1943లో మర్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ భాషలోనే వాచకాలు తయారయ్యాయి. టీచర్ ట్రైనింగ్ చదివిన మాలాంటి వారికి ఆ కేంద్రం మీద ప్రత్యేకమైన గౌరవం. బిడ్డకు అర్థమయ్యే మాటలో చదువు చెప్పాలని శిక్షణ తరగతుల్లో ఇప్పటికీ నేర్పుతూనే ఉంటారు. మర్లవాయిలో ఆ పని ఎనభై ఏళ్ళ కిందటే చేశారు.

తర్వాత ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలు, వసతి గృహాలు వచ్చాయి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల తెరుచుకుంది. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు మన పాత కరీంనగర్ జిల్లా వంగర వారే. ఆ నమూనా మీదే తర్వాత గిరిజన గురుకులాలు పెరిగాయి. 1977 తర్వాత మన లంబాడీ పిల్లలకు కూడా ఎస్టీ హాస్టళ్ళ తలుపులు తెరుచుకున్నాయి.

మన ఇళ్ళల్లో మొదటిసారి హాస్టల్ చేరిన తరం ఈనాడు యాభై, అరవై ఏళ్ళ వయసులో ఉంది. మీ ఇంట్లో అలాంటి పెదనాన్నో, ఫూఫీయో ఉంటే అడిగి చూడండి. చదువు కోసం యాడిని వదిలి నెలల తరబడి వేరేచోట పడుకున్న మొదటి తరం వారిదే. లదేణి కాలంలో కష్టమైనా అందరూ కలిసే ఉన్నారు. ఈ తరం సుఖం కోసం విడిపోయింది. సెలవులకు ఇంటికి పోవడం మన బతుకులోకి వచ్చింది అప్పుడే.

ఈ సెలవుల్లోకి క్రిస్మస్ ఎలా వచ్చింది

క్రిస్మస్ సెలవులు బ్రిటిష్ వారి కాలపు కచేరీల నుంచి, మిషనరీల బడుల నుంచి మన క్యాలెండర్‌లోకి వచ్చాయి. ఇప్పటికీ మిషనరీ పాఠశాలలకు క్రిస్మస్‌కు నాలుగైదు రోజులు సెలవులుంటాయి, మిగతా బడులకు సంక్రాంతికి ఎక్కువ ఉంటాయి. తెలంగాణలో డిసెంబర్ 25తో పాటు 26 కూడా సాధారణ సెలవే. ఆదివారమో రెండో శనివారమో పక్కన కలిస్తే హాస్టల్ పిల్లలు ఆ రోజులను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటారు.

ఈ పండుగకు మన తెలంగాణ నేలలో రెండు పెద్ద గుర్తులున్నాయి. ఒకటి మెదక్ చర్చి. కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ జనానికి పని కల్పించి, కూలికి బదులు తిండి పెట్టి కట్టించాడు. పదేళ్ళు సాగిన ఆ పని పూర్తయి, 1924 డిసెంబర్ 25న, క్రిస్మస్ రోజునే, ప్రార్థనలకు తెరుచుకుంది. 2024 క్రిస్మస్‌తో దానికి నూరేళ్ళు నిండాయి. క్రిస్మస్‌కు మెదక్ పోయి రావడం చుట్టుపక్కల జిల్లాల కుటుంబాలకు ఒక జాతర లాంటిది. క్రైస్తవులు కాని వారు కూడా పోతారు.

రెండోది డోర్నకల్. తమిళనాడు నుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. డోర్నకల్‌లో ఆయన కట్టించిన దేవాలయం 1939 జనవరి 6న ప్రారంభమైంది. దూరదేశపు జ్ఞానులు బాల యేసును చూడటానికి ప్రయాణం చేసి చేరిన రోజుగా క్రైస్తవులు జనవరి 6ను జరుపుకుంటారు. ఆ దేవాలయానికి పేరు కూడా ఆ పండుగదే. దాని కట్టడంలో మన దేశపు గుడి, మసీదుల పోకడలు కలిసి ఉంటాయి. డోర్నకల్ చుట్టూ ఎన్నో లంబాడీ తండాలున్నాయి.

క్రిస్మస్ కథ కూడా ప్రయాణం కథే. లూకా సువార్త ప్రకారం రోమ్ చక్రవర్తి జనాభా లెక్కలు రాయించుకోవడానికి ఎవరి ఊరికి వారు పోవాలని ఆజ్ఞ వేశాడు. నజరేతులో వడ్రంగి పని చేసుకునే యోసేపు, నిండు చూలాలైన మరియ, వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి బెత్లెహేము చేరారు. సత్రంలో చోటు దొరకలేదు. పశువుల తొట్టిలో బిడ్డను పడుకోబెట్టారు.

మీలో కొందరికి ఈ కథ వింటే ఇంకొకటి గుర్తుకు రావాలి. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం సమగ్ర కుటుంబ సర్వే చేసింది. ఒక్కరోజే లెక్క, ఇంట్లో ఉన్నవారికే లెక్క అన్నారు. ముంబై, భీవండి, సూరత్, హైదరాబాద్ నుంచి జనం బస్సుల మీద బస్సులెక్కి సొంతూళ్ళకు వచ్చారు. మన తండాల నుంచి కూలికి పోయిన వారు కూడా చంకలో పిల్లలతో వచ్చారు. పేరు రాయించుకోవడానికి ఊరు చేరే పేదవాడి ప్రయాణం రెండు వేల ఏళ్ళ కింద ఎలా ఉందో మొన్న కూడా అలాగే ఉంది.

మన తండాల్లో ఈనాడు అన్ని రకాల ఇళ్ళూ ఉన్నాయి. ఒక గుడిసె మీద క్రిస్మస్ నక్షత్రం వెలుగుతుంటే పక్క ఇంటి ముందు సేవాలాల్ మహరాజ్ తెల్ల జెండా ఎగురుతుంది. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి, శ్రావణంలో తీజ్‌కు, దీపావళికి ఆడపిల్లలు ఇంటింటికీ పోయి మేర పాడటానికి అందరూ కలుస్తారు. ఎవరి ప్రార్థన వారిది, గోర్ మాట మాత్రం అందరిదీ. హాస్టల్‌లో పిల్లలకు మేము చెప్పేది ఇదే. సెలవు ఏ పండుగ పేరు మీద వచ్చినా, ఇంటికి పోయి మీ యాడి చేతి బాటీ తినే హక్కు అందరికీ సమానం.

మిగతా గిరిజనుల ఇంటి దారులు

పండుగకు ఇల్లు చేరడం లంబాడీల కథ ఒక్కటే కాదు. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశం వారు ఎక్కడున్నా చేరాలి. జాతరకు ముందు వారు కాలినడకన పోయి గోదావరిలో హస్తినమడుగు నుంచి జలం తెస్తారు. ఆ వంశంలో కొత్తగా చేరిన కోడళ్ళను దేవుడి ముందు పరిచయం చేసే భేటింగ్ అక్కడే జరుగుతుంది. ఆ పరిచయం జరిగితేనే కోడలు వంశంలో చేరినట్టు.

మన జగిత్యాల వారు మరిచిపోకూడని సంగతి ఇంకొకటి ఉంది. సమ్మక్క కథలో వచ్చే మేడరాజు పొలవాసను ఏలినవాడని జనం చెప్పుకుంటారు. ఆ పొలవాసే జగిత్యాల పక్కనున్న ఈనాటి పొలాస. కాకతీయుల దాడికి ఆ ఊరు వదిలి మేడారం చేరాడని కథనం. అంటే కోటి మంది పోయే మేడారం జాతర వెనుక, మన పక్క ఊరి నుంచి ఇల్లు వదిలిన ఒక కుటుంబం కథ ఉంది.

దారి మారింది, బండి మారింది

ఇంటికి పోవాలంటే దారి కావాలి. 1932 జూన్‌లో నిజాం రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టింది. ఈనాటి ఆర్టీసీకి మూలం అదే. 1958 జనవరి 11న అది ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల మీదుగా వేసిన రైలు మార్గం 2017లో నిజామాబాద్ చేరింది. కొండగట్టుకు దగ్గర్లోనే నూకపల్లి మల్యాల స్టేషన్ ఉంది. మన పూర్వీకుల ఎద్దుల బతుకును ఆపిన రైలు, నూరేళ్ళు దాటాక, వారి మునిమనవళ్ళను ఇంటికి చేర్చడానికి వచ్చింది.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రపు ఆడవారందరికీ చార్జీ లేదు. రెండు వారాలకే క్రిస్మస్ సెలవులు వచ్చాయి. ఆడపిల్లల హాస్టళ్ళలో ఆ సెలవులు ఎన్నటికీ గుర్తుంటాయి. అంతకు ముందు రెండు బస్సులు మారి పోవాలంటే పిల్లకు, తీసుకుపోవడానికి వచ్చే తల్లికి, రానూ పోనూ కలిపి రెండు రోజుల కూలి పోయేది. అందుకే చిన్న సెలవులకు "ఈసారి వద్దులే బిడ్డా, పండుగకు తీస్కపోతం" అనేవారు. జీరో టికెట్ చేతిలోకి వచ్చాక తల్లులే ముందుగా గేటు దగ్గర కనిపించారు. మనకు ఇది పెద్ద మార్పే. బిడ్డ ఇల్లు చూడటం కూలి లెక్క మీద ఆధారపడకూడదు.

కానీ బస్సులో చోటు కూడా చార్జీ అంత ముఖ్యం. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ దిగుతున్న బస్సు లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. వారిలో ఆడవారే ఎక్కువ. శనివారంపేట లాంటి చిన్న ఊళ్ళలో ఇంటింటా ఏడుపే. ఆ బస్సులో సుమారు వంద మంది ఉన్నారు. చనిపోయిన వారు పూజకో, పనికో, ఆస్పత్రికో, మనలాగే మామూలుగా బస్సెక్కిన వారు. ఆ దారిలో రోజూ పోయే మనం ఆ తేదీని మరిచిపోకూడదు. సెలవుల రోజున బస్సు నిండిపోతే ఇంకో బస్సు కోసం ఆగండి. ఫుట్‌బోర్డు మీద వేలాడకండి. ఒక గంట ఆలస్యంగా చేరిన బిడ్డను ఏ యాడీ తిట్టదు.

ఇల్లు చేరాక ఇంట్లో ఎవరు?

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ఇంకో ప్రయాణం కూడా ఉంది. దుబాయ్, మస్కట్, సౌదీ, కువైట్ పోయిన తండ్రులు, అన్నలు. భీవండి మగ్గాల మీదికి, ముంబై కూలికి పోయిన కుటుంబాలు. బిడ్డ సెలవులకు ఇంటికి వస్తుంది, బాపు మాత్రం ఫోన్ తెరలో ఉంటాడు. ఆయనకు సెలవు రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి.

లదేణి కాలంలో తండా మొత్తం కలిసి వలస పోయేది. ఈ కాలంలో ఒక్కొక్కరు ఒక్కో దిక్కుకు పోతున్నారు. అందుకే క్రిస్మస్ నాలుగు రోజులు, దసరా పది రోజులు మన ఇళ్ళకు ఇంత విలువైనవయ్యాయి. చెల్లాచెదురైన బిడారు మళ్ళీ ఒక పొయ్యి చుట్టూ కూర్చునే రోజులవి.

తిరిగి రావడం

ఇప్పుడు వార్డెన్లుగా మేము అసలు చెప్పదలచుకున్న మాట. సెలవుల చరిత్రలో పోవడం సగమే. మిగతా సగం తిరిగి రావడం.

డిసెంబర్, జనవరి నెలల్లో పత్తి ఏరే పని ఉంటుంది. తర్వాత పసుపు తవ్వకాలు వస్తాయి. "మేడమ్, రెండు తీతల పత్తి ఉంది, ఇంకో నాలుగు రోజులు ఉంచుకుంటం" అని ఫోన్ వస్తుంది. నాలుగు రోజులు పది రోజులవుతాయి. పదో తరగతి పిల్లకు ఆ పది రోజులు పరీక్ష ముందు రోజులు. ఇంకొన్ని ఇళ్ళలో సెలవుల్లోనే చుట్టాలు వచ్చి పిల్లను చూసిపోతారు. పిల్ల పెట్టె హాస్టల్‌లో ఉంటుంది, పిల్ల రాదు. సెలవులు ముగిసిన మర్నాడు హాజరు పట్టీలో ఖాళీగా ఉన్న గడులు మాకు అన్నిటికంటే బరువు.

2020 మార్చి 16న కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది క్రిస్మస్ నాటికి పిల్లలు ఇంటి దగ్గరే తొమ్మిది నెలలు గడిపారు. పాఠాలు టీవీలో వచ్చాయి, కానీ టీవీ, సిగ్నల్ లేని తండాలూ ఉన్నాయి. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిదో తరగతి, ఆపై తరగతులకు బడి తెరిచారు. ఇంటి దారి ఎంత తీపో, తిరుగు దారి మూసుకుపోతే ఎంత నష్టమో ఆ ఏడాది అందరికీ తెలిసింది. ఆ మధ్యలో పనికి, పెళ్ళికి పోయిన పిల్లలను వెతికి తెచ్చే పని ప్రతి హాస్టల్‌కూ మిగిలింది.

చట్టం మన వైపే ఉంది. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 నిండాలి. 2014 అక్టోబర్ 2న మొదలైన కళ్యాణలక్ష్మి సాయం కూడా 18 నిండిన పెళ్ళికూతురికే. ఎక్కడైనా ఇబ్బంది ఉంటే 1098కి ఫోన్ చేయవచ్చు. చట్టం కంటే ముందు పని చేసేది మాత్రం ఇంట్లో చదువుకున్న అన్న, అక్క. కాలేజీకి పోతున్న మీరు సెలవుల్లో తండాకు పోయినప్పుడు, పక్కింటి పిల్లను "బడి ఎప్పుడు తెరుస్తరు బాయీ?" అని ఒక్కసారి అడగండి. తిరిగి వచ్చేటప్పుడు ఆ పిల్లను కూడా మీ బస్సులోనే ఎక్కించుకుని రండి. దానికి ఖర్చు లేదు, టికెట్ కూడా జీరోనే.

మీరు రాయవలసిన అధ్యాయం

మన పూర్వీకుల ప్రయాణాలను ఇంగ్లండు వాడు రాశాడు, ఫ్రాన్సు వాడు రాశాడు. మనం రాసుకోలేదు. మన చరిత్ర పాటల్లో, కథల్లో, ముసలివాళ్ళ నోట ఉంది. ఆ తరం ఒక్కొక్కరుగా వెళ్ళిపోతున్నారు.

అందుకే ఈ సెలవులకు మీ అందరికీ ఒక హోంవర్కు. ఇంటికి పోయాక మీ అవ్వనో తాతనో కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగండి. మన తండా ఇక్కడ దిగింది ఎప్పుడు, ఎవరి నాయకత్వంలో? అంతకు ముందు ఎక్కడున్నాం? మన ఇంట్లో మొదట బడికి పోయింది ఎవరు? ఆ మనిషి మొదటిసారి సెలవులకు ఇంటికి ఎలా వచ్చాడు, నడిచా, ఎడ్ల బండిలోనా, బస్సులోనా? వారు గోర్ మాటలో చెప్పింది గోర్ మాటలోనే ఫోన్‌లో రికార్డు చేయండి. తర్వాత తెలుగు లిపిలో రాయండి. గోండు, నాయకపోడు, కోలాం పిల్లలు మీ భాషల్లో ఇదే పని చేయండి. రాసింది సంఘానికి పంపండి. వచ్చే సంచికలో ఈ వ్యాసం స్థానంలో మీ పేజీలు ఉండాలి.

సెలవులు అయిపోయిన రోజు ఉదయం పెట్టె సర్దుకోండి. యాడి కట్టిన సద్ది మరిచిపోకండి. సాయంత్రం ఆరు గంటల హాజరుకు మేము రిజిస్టరు తెరిచి, మీ కోసం చూస్తుంటాం.